సెకనుకు తొమ్మిది

మూడో అంతస్తులో చివరి గది నాది.
తలుపు మీద ‘ఎగుమతుల పరిశీలన’ అని ఉంటుంది.
ఓడరేవు ఊరికి అటువైపు కదా, ఇక్కడేం ఎగుమతి చేస్తారని
కొత్తగా వచ్చిన ప్రతి ప్రొఫెసరూ నవ్వుతాడు.
నవ్వనిస్తాను.
తర్వాత ఫారం ఇస్తాను.

ఇంగున్ లౌవోస్ నవ్వలేదు.
గబ్బిలాల మనిషి.
ట్రాన్‌హైమ్ వాన గొడుగులోంచి కారుతుంటే
గుమ్మంలోనే నిలబడి చెప్పింది:
కిర్గిజ్‌స్తాన్ గుహల్లో లెక్క ఉంది,
చీకట్లో ఒంటివేడిని చూసే కెమెరా తీసుకెళ్ళాలి.

సెకనుకు ఎన్ని బొమ్మలు తీస్తుందని అడిగాను.
అరవై.
అరవైకి అనుమతి కావాలి, అనుమతికి నెలలు కావాలి.
తొమ్మిది దాటని కెమెరా అయితే
రేపే బయల్దేరవచ్చు.
నిదానంగా చూసే కన్ను ఎవరినీ గురిపెట్టలేదని
ఎక్కడో ఒక బల్ల చుట్టూ కూర్చుని తేల్చారు.
తొమ్మిదే ఎందుకో, పది ఎందుకు కాదో
పద్నాలుగేళ్ళుగా ఈ కుర్చీలో ఉన్న నాకూ తెలియదు.

ఆమె పైకప్పుకేసి చూసి ఏదో లెక్కేసుకుంది.
“నా గబ్బిలం సెకనుకు పన్నెండుసార్లు రెక్క కొడుతుంది.”

ఆ వాక్యం రాసుకోవడానికి
నా ఫారంలో గడి లేదు.

లాప్‌టాప్ నా దగ్గర వదిలేసింది.
బదులుగా ఆఫీసుది ఇచ్చాను, కడిగిన గిన్నెలాంటిది:
ఉత్తరాల్లేవు, సగం రాసిన వ్యాసాల్లేవు,
తెర మీద ఆమె కుక్క కూడా లేదు.
“మరి ఇదో?” అని నుదురు తట్టి చూపించింది.
దానికీ మా దగ్గర ఒక పేరా ఉంది.
పెదవి దాటితే పృథివి దాటుతుందంటారే,
మాకది సామెత కాదు, సెక్షను.

సెప్టెంబరు, శుక్రవారం, నాలుగవుతోంది.
కోటు ఒక చేతికి తొడుక్కున్నాను, రెండో చెయ్యి గాల్లో ఉంది,
ఫోన్ మోగింది.
అక్కడ పొద్దుగూకిందట. గుహ ముందు కూర్చున్నారట.
“నుర్గాజీ ఒకటి అడుగుతున్నాడు.
ఈ కెమెరాకి తొమ్మిది దగ్గర తాళం వేసిందెవరు, ఎలా తియ్యాలి అని.
నాకు తెలుసు. చెప్పనా?”

వెనకాల ఎవరో దగ్గారు.
ఇంకా వెనకాల, ఎండుతోలు దులిపినట్టు
ఒక చప్పుడు మొదలవుతోంది.

నాకు నుర్గాజీ తెలియదు.
అతని జీతం ఏ శాఖ ఇస్తుందో తెలియదు,
ఆ శాఖ పైన ఏ శాఖ ఉందో అసలే తెలియదు.
నా పని అదే, తెలియకపోవడాన్ని
బాధ్యతగా తెలియకపోవడం.
“సోమవారం దాకా ఆగు” అన్నాను.
“గబ్బిలాలు ఆగవు” అంది, కోపంగా కాదు,
వాతావరణం చెప్పినట్టు.
తర్వాత ఆమె మౌనం వినబడింది,
నా మాట వల్ల అతని ఎదుట ఆమె
నోరు కట్టుకున్న మౌనం.

నుర్గాజీ మళ్ళీ అడగలేదట.
రెండు జేబుల్నిండా నేరేడు కాదు, ఆప్రికాట్ గింజలు తెప్పించి
గుహ నోటి పక్కన బోర్లా పడుకుని
పది గబ్బిలాలకొక గింజ
ఎడమ జేబులోంచి కుడి జేబులోకి వేశాడట.
మధ్యలో ఒకసారి తుమ్మాడు.
ఆ తుమ్ములో ఎన్ని పోయాయో
కాగితం అడుగున నిజాయితీగా రాశాడు: “సుమారు నలభై.”

మా తొమ్మిది బొమ్మల కన్ను తీసిన సినిమా చూశాను.
నల్లటి తెర. అక్కడక్కడా తెల్లటి గీత.
ఒక బొమ్మలో రెక్క పైకి ఉంది,
మరో దాంట్లో గబ్బిలమే లేదు.
రెప్పపాటులో ఏం జరిగిందో
రెప్పకేం తెలుస్తుంది.

తిరిగొచ్చి ఇంగున్ నా బల్ల మీద
ఒక గింజ పెట్టింది.
“ఇది నీ జాబితాలో ఉందా?”
నిజంగానే వెతికాను, నవ్వకండి.
నాలో లేదు. గింజలు వేరే శాఖవి.

నవంబరులో పైనుంచి జవాబొచ్చింది:
అడిగిన సమాచారం చెప్పవచ్చును.
ఆమెకు పంపాను, ఆమె అతనికి పంపింది.
అతను ఒక్క ముక్క రాశాడు:
నిద్రపోయాయి, ఏప్రిల్లో చూద్దాం.

గింజ నా సొరుగులోనే ఉంది,
స్టేప్లర్ పిన్నుల పక్కన.
ఏ రిజిస్టరులోనూ రాయలేదు.