గుంత పూడ్చినాక

భాకరాపేట కనుమెక్కే తొలి బస్సులో
నేనూ, నా రెండు ఖాళీ గోతాలూ.

కొర్లగుంటలో మేడమీద గది.
ఆరబెట్టిన సబ్బుల చెక్కలు, నూనె డబ్బాలు,
ఒక పక్కకు వాలే త్రాసు,
గోడమీద సుద్దతో రాసుకున్న అంకె: మూడు వందలు.
మాఘంలో పుత్తూరు వాళ్ళింట పెళ్ళి.
తాంబూలం సంచిలో తలా ఒక నన్నారి సబ్బు.
అడ్వాన్సు అప్పుడే కరెంటు బిల్లయిపోయింది.

కుప్పమ్మ గోతాలను చూసింది.
"రెండా?" అంది.
ఇంకేం అనలేదు.
గునపం భుజానేసుకుని ముందు నడిచింది.

వాన వెలిసి మూడో నాడు.
నేల ఇంకా మెత్తగానే ఉంది, ముళ్ళు మాత్రం ఎప్పటిలాగే.
"ఆకు నడిమిన తెల్లగీత చూడు మే.
గీత లేకుంటే అది వేరే తీగ, పీకబాక."
గీత కనిపించింది. వంగాను.
"ఇది ఒంటిది. ఈ చుట్టుపక్కల ఇంకోటి లేదు."
దాటేసింది.
ఇంకొకటి. జంట కాయలు పచ్చగా వేలాడుతున్నాయి.
"కాయ పగిలి దూది ఎగరాల. అప్పుడు రా."
మరొకటి.
"దీన్ని నిరుడు తవ్వినా."
నాకు అన్ని తీగలూ ఒక్కలాగే ఉన్నాయి.
ఆమెకు వీధిలో ఇళ్ళలాగా.

ఎండ నెత్తికెక్కాక ఒకచోట కూర్చుంది.
ఒక పక్కనే తవ్వింది,
నిద్రపోయే బిడ్డ కింది గుడ్డ లాగినట్టు
మట్టి తీసింది.
వేలెడు లావు వేరు. ఒక్కసారిగా ఆ వాసన,
మా అమ్మమ్మ కుండ మూత తీసినట్టు.
కొడవలితో సగానికి కోసి ఆపేసింది.
"ఆ పక్కది?" అన్నాను.
"ఆ పక్కది దాందే."

గుంత పూడ్చి, మడమతో తొక్కి,
మేం తాగడానికి తెచ్చుకున్న సీసా వంచింది.
నా నాలుక పిడచగట్టుకుని ఉంది.
నేల గుటక వేసిన చప్పుడు విన్నాను.

మధ్యాహ్నానికి తువ్వాలు నిండా కూడా కాలేదు.
కుప్పమ్మ ఉసిరి చెట్టు వెతుక్కుంటూ దిగిపోయింది.
గునపం నా దగ్గరే ఉంది.
ఇది ఎవరికీ చెప్పలేదు ఇంతవరకూ:
ఒక తీగను మొదలంటా లాగేశాను.
కాయలున్నాయో లేదో చూడలేదు.
తెగినచోట పాలు కారి వేళ్ళకు అంటుకున్నాయి,
చీరకు తుడుచుకున్నా పోలేదు.
ఆమె వచ్చింది, ఒడిలో నాలుగు ఉసిరికాయలు.
గుంతను చూసింది.
పూడ్చలేదు.

చెక్‌పోస్టు దగ్గర గోతం విప్పమన్నాడు గార్డు.
కుప్పమ్మ కార్డు చూపించినా
ముక్కు లోపల పెట్టి మరీ చూశాడు.
"చందనం వాసనలా ఉందే?"
ఎర్రచందనానికి వాసన ఉండదని
చెప్పబోయి మానుకున్నాను.
ఆ పూట ఎవరినీ తప్పుపట్టే ముఖం లేదు నాకు.

నీడలో ఆరబెట్టి, దంచి, నూనెలో నానబెట్టి
లెక్క వేస్తే నలభై ఆరు సబ్బులు.
పెళ్ళికూతురి మేనత్తకు ఫోన్ చేశాను.
"ఎసెన్సు వెయ్యమ్మా, ఎవరొచ్చి చూస్తారు?"
చాలాసేపు ఏం చెప్పాలో తోచలేదు.
తర్వాత గోడమీది సున్నాలు తుడిచేశాను.
మిగిలినవి వట్టి కొబ్బరినూనె సబ్బులు,
ఏ వాసనా లేనివి.
ఆమె సగం డబ్బులే ఇచ్చింది. గొడవపడలేదు.

మళ్ళీ మార్గశిరం.
ఈసారి చేతిలో ఒక్క గుడ్డసంచి.
కుప్పమ్మ నడుస్తూ చెబుతోంది,
ఇది ఒంటిది, ఇది పోయినేడు తవ్విందే,
దీని దూది ఎగిరిపోయింది, చూడు, దీన్ని అడగొచ్చు.

ఒకచోట ఆగింది.
తీగ లేదు. ఆకు లేదు.
గుంత అంచులు వానకు కరిగి
పల్లెంలా లోతు తగ్గి ఉంది.
"ఇది నీది" అంది.

నీళ్ళ సీసా మూత తీసి
నా చేతికిచ్చింది.