నాలుగు స్పెల్లింగుల పిల్ల

నా ఉద్యోగం పేరు
కార్డు మీద రెండు వరుసలు పడుతుంది.
మా అమ్మ దాన్ని ఫ్రిజ్‌కి అంటించుకుని
"మా లొరెట్టాకి అగస్టాలో ఫోన్లు చేసే పని"
అని చెబుతుంది, వచ్చినవాళ్ళకి.
తప్పేం కాదు.

పొద్దున్నే ఆరోగ్యశాఖకి చేస్తాను,
పదింటికి విద్యాశాఖకి,
మధ్యాహ్నమంతా, పాట పెట్టి నన్ను నిలబెట్టే
సంక్షేమశాఖ నంబరుకి.
అయిదేళ్ళ లోపు పిల్లలు
మెయిన్ రాష్ట్రంలో ఎవరెక్కడున్నారో
ఒక్క జాబితాలోకి తెమ్మన్నారు.
తెచ్చాను.
జనాభా లెక్కల్లో ఉన్నవాళ్ళకంటే
నా కాగితం మీద పిల్లలెక్కువ తేలారు.

నవ్వకండి.
గవర్నరు ఆఫీసులో ఎవరూ నవ్వలేదు.

అప్పుడు దొరికింది ఆ పిల్ల.
నదికి అవతలి గట్టు కెనడా అయ్యే ఊళ్ళో,
ఆసుపత్రి రిజిస్టరులో ఒడెట్ తిబదో.
పాలడబ్బాల పథకంలో ఓడెట్టా.
డేకేర్ సబ్సిడీలో, ఇంటిపేరు చివర
ఎవరూ పలకని ఒక ఎక్స్.
ప్రీస్కూల్ వెయిటింగ్ లిస్టులో
చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో ఎవరో కొట్టినట్టు
ఓ. టిబోడో, మగ.

నలుగురు పిల్లలు,
ఒకే పుట్టినరోజు,
ఒకే పోస్టుపెట్టె.
నలుగురికీ ఏదో ఒకటి అందినట్టే లెక్క.
కూర్చోడానికి కుర్చీ మాత్రం
ఏ ఒక్కరికీ లేదు.

నెలకోసారి సమావేశం.
తొమ్మిది శాఖలు, ఒక పొడుగు బల్ల,
డోనట్ల ఖర్చు ఎవరి పద్దో ఇంకా తేలలేదు.
ఒకరి కంప్యూటరు ఇంకొకరి కంప్యూటరుతో మాట్లాడదు.
తోడికోడళ్ళు నయం,
కనీసం పోట్లాడుకుంటారు.
లాయరు గోప్యత అన్నాడు.
ఇంకొకాయన మా పరిధి కాదన్నాడు,
ఎంత మర్యాదగానో,
చెప్పులతో వంటింట్లోకి రావద్దన్నట్టు.
అందరూ పిల్లల పక్షమే.
అందరూ పల్లకీ వెంట నడిచేవాళ్ళే.
దండె ఎవరి భుజం మీదుందని అడిగితే
ఆ ప్రశ్నని మినిట్స్ పుస్తకంలో
చక్కగా రాసుకుంటారు.

ఫిబ్రవరిలో ఒకరోజు బండేసుకుని వెళ్ళాను.
అయిదు గంటలు.
మంచు కింద బంగాళాదుంపల పొలాలు,
ఎక్కడ ఎవరి హద్దో తెలీకుండా.
నాన్నమ్మ తలుపు తీసింది.
ఇంట్లో ఫ్రెంచి. నాకొచ్చింది
మా తాత తిట్లలో మిగిలినంతే.
పిల్ల పొయ్యి దగ్గర బోర్లా పడుకుని
గుండీలు వరస పెడుతోంది,
పెద్దవన్నీ అయ్యాక చిన్నవి.

"ఒడెట్."
తిరగలేదు.
నాకు తెలిసిన అన్ని స్పెల్లింగుల్లోనూ పిలిచాను.

నాన్నమ్మ మడమతో
చెక్కనేల మీద రెండుసార్లు తట్టింది.
గుండీలు వణికాయి.
పిల్ల తిరిగి చూసి,
కొత్త మనిషినని సిగ్గుపడి,
ఒక గుండీ నోట్లో పెట్టుకుంది.

చెవుల సంగతి ఆరోగ్యశాఖకి తెలుసు.
పుట్టిన మూడో రోజు నుంచీ తెలుసు.
కాగితముంది, పదిలంగా, తాళం వెనక.
నా జాబితాలో
చెవులకి గడి లేదు.
గీసింది నేనే.

కాఫీ ముందు పెట్టి ముసలామె అడిగింది:
"మిమ్మల్ని ఎవరు పంపించారు?"
ఏ శాఖ పేరు చెప్పాలో తోచక
ఆ ఇంటి గుమ్మంలో కరుగుతున్న
నా బూట్లకేసి చూస్తూ కూర్చున్నాను.

తిరిగొచ్చాక గడి చేర్చాను.
దానికి మూడు సంతకాలు కావాలట.
రెండొచ్చాయి.
మూడో ఆయన ఏప్రిల్ దాకా సెలవు.
ఏప్రిల్‌కి నదిలో మంచు విరుగుతుంది,
ఒడెట్‌కి అయిదు నిండుతాయి,
అయిదు నిండితే ఇక ఆమె
మా బల్ల మీది సంగతి కాదు.

మొన్నటి సమావేశంలో,
అంశం ఏడు నుంచి ఎనిమిదికి దాటుతుండగా,
బల్ల కింద మడమతో
నేలని రెండుసార్లు తట్టాను.

ఆ గదికి దళసరి కార్పెట్టు.
ఎవరూ తిరగలేదు.

కుర్చీ వెనక్కి నెట్టి
లేచి నిలబడ్డాను.