ఆఖరి బిగింపు

పొద్దున ఏడింటికే షట్టర్ ముందట
ఆకుపచ్చ కమాండర్ జీపు.
బానెట్ మీద అడివి దుమ్ము, టైర్లల్ల జిగురు మన్ను,
స్టీరింగ్ ముందట ఈసం బుచ్చక్క.
హారన్ కొట్టలే.
కూసోని పల్లీలు ఒలుచుకుంటాంది.

తాడ్వాయి దాటి అడివిలకు మళ్ళితె
తారు రోడ్డు అయిపోతది.
అక్కడి నుంచి ఏడు గూడేలు,
ఏడు అంగన్‌వాడీలు,
ముప్పయి గుడ్ల అట్టలు నలభై.
"పోయిన ట్రిప్పుల పగిలినయి ఎనభై మూడు" అన్నది
కాయితం చూడకుంటనే.
"అవి నా కిరాయిల కోత."

వెనక సీటు కింద అట్టపెట్టె.
నాలుగు షాకబ్జర్లు, గ్యాసువి.
కంపెనీవి కావు, పుణె నుంచి పార్సల్,
చిట్టీ ఎత్తి తెప్పిచ్చుకున్నది.
మా ఉస్తాద్ ఉంటె మొదలు తిట్టేటోడు,
బయటి సామాను బండికి సవితి తల్లి అని.
ఒక్కటి తీసి చేతిల తూకం చూసిన.
సవితి తల్లి బరువుగనే ఉన్నది.

జాకీ పెట్టిన. చాసిస్ కింద మొద్దులు పెట్టిన.
చాపేసుకోని కిందికి దూరిన.
కింది నుంచి చూస్తె ఏ బండైనా ముసల్దే.
కుడి దిక్కు వెనక బోల్టు
పదకొండేండ్ల తుప్పుతోని
నట్టూ తానూ ఒక్కటై కూసున్నది.
డీజిల్ పోసిన. చాయ్ తాగొచ్చిన. మళ్ళ పోసిన.
పానకు పైపు తొడిగి
నేనూ బుచ్చక్కా కలిసి గుంజితె
కీచుమని ఒక్క అరుపు.
పక్క షాపు యాకూబ్ పాషా తొంగి చూసిండు,
కోడిని కోస్తున్నరా అనుకోని.

పాతది చేతికొచ్చింది.
నూనె కక్కుకోని, మన్ను అంటుకోని, నల్లటి మడ్డి.
బొటనవేలుతోని నొక్కితె
కడ్డీ లోపలికి పోయింది.
ఎదురు చెప్పలే.

కొత్తదాని పట్టీ కోసిన.
అది తనంతట తానే మెల్లగ సాగింది,
నిద్ర లేశి ఒళ్ళు విరుసుకున్నట్టు.
బుచ్చక్క పల్లీలు ఆపి చూసింది.
"గింత గట్టిగుంటె గుడ్లు ఎగురయా?"
"బరువు మోసేది ఇది కాదక్కా,
కమాన్‌పట్టీలు మోస్తయి.
గుంత కొట్టినంక బండి
దాన్నే యాది చేసుకుంట ఊగుతది చూడు,
ఇంకోసారి, ఇంకోసారి,
చాలు, అయిపోయింది, అని చెప్పుడే దీని కొలువు."

ఆమె ఏమన్లే.
అసుంటిది మనుషులకు దొరుకుతదా
అని అడుగుతదనుకున్న.
"వాషర్ తిరగేసి పెట్టినవ్" అన్నది.
నిజమే.

ఎండెక్కింది.
రబ్బరు బుష్షులకు సబ్బునీళ్ళు రాసి
నాలుగూ ఎక్కించిన.
నట్లు మాత్రం వేళ్ళతోనే తిప్పి ఇడిసిన.
గాలిల ఏలాడేటప్పుడు బిగించొద్దు.
బండి దిగాలె,
తన బరువు మీద తాను నిలబడాలె,
బుష్షు తన జాగ చూసుకోవాలె,
అప్పుడు ఆఖరి బిగింపు.
ఈ ముచ్చట ఉస్తాద్ చెప్పింది కాదు,
మూడు బుష్షులు చీలినంక తెలిసింది.

జాకీ దించిన. బిగించిన.
మడ్‌గార్డు మీద రెండు చేతులేసి నొక్కి ఇడిసిన.
పొద్దున నాలుగుసార్లు ఊగిన బండి
ఒక్కసారి లేశి, ఆగింది.
బుచ్చక్క నన్ను నమ్మలే.
నాలుగు మూలలకూ తిరిగి
తన చేతులతోని నొక్కి చూసుకున్నది.
యాభై రూపాయలు తక్కువపడితె
మిగిలిన పల్లీలు పెట్టింది.

నాలుగో నాడు ఫోను.
వాగు సప్పుడు, నడుమ ఆమె గొంతు:
"పదకొండు."
నేను ఏమనాల్నో తెల్వక నిలబడ్డ.
"అండ్ల తొమ్మిది పిల్లగాండ్లు దించంగ పడేసినయి.
అవి నీ లెక్కల రావు."

ఇనుప సామానోడు వస్తె
పాతయి మూడే వేసిన.
నాలుగోది షట్టర్‌కు ఆనిచ్చుకున్న,
రాత్రి గాలికి
కొట్టుకోకుంట.