మచ్చు

"ఎంత తీశావమ్మా?"
మోచేతి మడతలో దూది నొక్కుకుంటూ ఏసోబు అడిగాడు.
మూడు మిల్లీలీటర్లు.
నవ్వబోయాడు, సగంలోనే దగ్గయింది.
"మచ్చుకి చాల్లే. యార్డులోనూ అంతేగా,
గుప్పెడు కాయ చూసి బస్తాలన్నిటికీ ధర కడతారు."

ముప్పై ఏళ్లు టిక్కీలు మోసిన వీపు.
ఇప్పుడతను నా దగ్గర ఒక అంకె:
నూట పద్నాలుగు.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల్లో మిరప నిద్రపోతుంది,
అంతకన్నా చల్లని పెట్టెలో ఈ నెత్తురు.
కరెంటు పోయిన రాత్రి నాకే నిద్రుండదు.

ఆ మిషనేం చేస్తుందన్నాడు.
నెత్తుట్లో వేల ప్రొటీన్లుంటాయి,
ముక్కలు చేసిస్తే ఒక్కో ముక్కనీ తూస్తుందన్నాను.
"కాటానా!" కళ్లు వెలిగాయి.
"తరుగు తియ్యదు గదా?"

తియ్యదు. అప్పుడప్పుడూ ఏమారుస్తుంది.
పోయినేడు తెర మీద ఒక శిఖరం చూసి ఎగిరి గంతేశాను,
తీరా అది నా చేతి చర్మపు పొలుసు.

ఈ తెల్లారుజామున మళ్లీ ఒకటి లేచింది.
ఘాటు పీల్చి దగ్గేవాళ్ల నెత్తుట్లో నిటారుగా,
గుమాస్తాల నెత్తుట్లో అణిగిపోయి.
ఎక్స్‌రేలో మచ్చ పడకముందే
ఊపిరితిత్తి రాసి పంపిన చీటీ కావచ్చు.
కాకపోనూ వచ్చు.
చేతొడుగులు మార్చుకుని
మొదటి నుంచీ మళ్లీ తూకం పెట్టాను.
నూట పద్నాలుగుని ఆఖర్న ఉంచాను.

పొద్దున గేటు దగ్గర,
భుజాన కొక్కెంతో యార్డుకి పోతూ ఆగాడు.
"ఏమ్మా, ధర తేలిందా?"
ఇంకా పాట నడుస్తోంది బాబాయ్, అన్నాను.
తలూపి వెళ్లాడు.
లారీల మోతలోనూ
మలుపు తిరిగేదాకా
ఆ దగ్గు వినిపిస్తూనే ఉంది.