పాము మెలిక

లాలాపేటలో రెండు గాజుల కొట్ల సందున
కాశిం పీరా గారి వాచీల బంకు.
ఒక మనిషికే చోటు. రెండో మనిషి వస్తే
వాడి మోకాళ్ళు రోడ్డు మీదే.

మిర్చి యార్డులో గుమాస్తాని నేను.
పొద్దున్నించీ తేజా ఏదో, మూడువందల ముప్ఫైనాలుగేదో
తొడిమ గిల్లి, గింజ రాల్చి,
ఇది అది కాదని చెప్పే కొలువు.
సాయంత్రం బంకు ముందు నిలబడితే
తలెత్తకుండానే "చేతులు" అనేవాడాయన.
సబ్బుతో రెండుసార్లు కడిగినా వాసన చూసి
"ఇంకా మంటుందయ్యా, పట్టకారు తీసుకో."

మొదటి రోజు రెండు బిళ్ళలు ముందు పెట్టాడు.
రెండూ అర్ధణాలే, రెండూ నీలమే,
రెండింట్లో అదే రాణి, అదే ముక్కు, అదే విసుగు.
ఒకటి కాస్త ముదురు రంగండీ, అన్నాను.
"రంగుని నమ్మకు.
ఎండ తాగుంటుంది, ఎవడి జేబులోనో చెమట తాగుంటుంది.
రంగు కతలు చెబుతుందిరా, సాక్ష్యం చెప్పదు."

నల్ల పళ్ళెంలో బిళ్ళని బోర్లా పడుకోబెట్టి
గడియారాలు కడిగే బెంజీను రెండు చుక్కలు వేశాడు.
నలుపులోంచి ఏనుగు తల లేచింది.
తొండం, చెవి, అన్నీ.
పది లెక్కపెట్టేలోగా తడి ఆరి
మళ్ళీ కాగితంలోకి వెళ్ళిపోయింది.
రెండోదాన్ని ఎంత తడిపినా ఏమీ లేదు.
"ఏనుగు లేందే ముందు పుట్టింది" అన్నాడు,
మా ఇంట్లో ఎవరు పెద్దో చెప్పినంత మామూలుగా.

తర్వాత చుక్కల పాఠం.
వెనక చుక్క ఒక్కటుంటే పాత అచ్చు,
గుంపుగా ఉంటే కొత్తది.
ఆ తర్వాత పళ్ళు:
రెండు సెంటీమీటర్లలో ఎన్ని పడతాయో
సెల్యులాయిడ్ ముక్క మీద తనే గీసుకున్న గీతలతో లెక్క.
కత్తెర పడ్డ అంచు చూస్తే మాత్రం
కట్టుడు పళ్ళవాణ్ణి చూసినట్టు నవ్వేవాడు.

ఒక ఏప్రిల్‌లో, సీజను గట్టిగా ఉన్నప్పుడు,
నా చొక్కాలో దాగిన కారం నాకే ఎక్కి తుమ్మాను.
నలభై మూడు బిళ్ళలు రోడ్డున పడ్డాయి.
గాజుల కొట్టు రమీజా, నేనూ, ఒక రిక్షా అతనూ
ముప్ఫైతొమ్మిది ఏరాం.
వారం మాట్లాడలేదాయన.
ఎనిమిదో రోజు "చేతులు" అన్నాడు.

అన్నిటికన్నా ఇష్టం ఆ ఒకటిన్నర అణా బిళ్ళ, చాక్లెట్ రంగుది.
ముందు అచ్చులో ఇంగ్లీషున అణా ఏకవచనం,
తర్వాతి దాంట్లో బహువచనం.
"ఒకటిన్నర ఒకటా, రెండా అని ఎవడో సణిగుంటాడు.
మనం ఒకటిన్నర అణా అంటాం, ఎవడికీ తగువు లేదు.
వాళ్ళకి చివర పాము మెలికంత అక్షరం కావాల్సొచ్చింది."

కంట్లో పొర తీయించుకుని వచ్చాక
ఆల్బం తెరిచి చాలాసేపు పలకలేదు.
ఎడమ కన్ను మూసి, కుడి కన్ను మూసి, మళ్ళీ ఎడమది.
"ఇన్నేళ్ళూ నా నీలాలన్నిట్లో పసుపు కలిసుందిరా.
నీకు చెప్పానే, రంగుని నమ్మకని.
నేను నమ్మాను."
నూట పన్నెండు పేజీలు, మొదటి నుంచి మొదలుపెట్టాడు.

నిన్న ఒక బిళ్ళ నా ముందుకి తోశాడు.
చాక్లెట్ రంగు. వెనక చుక్క ఒక్కటే.
కింది వరసంతా ముద్ర దిట్టంగా పడి నల్లగా ఉంది,
మెలిక ఉండాల్సిన చోట కూడా.
ముద్రలో సంవత్సరం అలికేసింది.
ఊరి పేరు మాత్రం కొట్టొచ్చినట్టుంది.
"ఇదా, అదా? నువ్వు చెప్పు."
యార్డులో అయితే తుంచి చూసేవాణ్ణి.
అద్దం పెట్టి చూశాను, వాలుగా చూశాను,
ఊపిరి బిగబట్టి చూశాను.
తెలీట్లేదండీ, అన్నాను.

ఆయన పెన్సిలు నాలిక్కి తాకించి
రెండు గళ్ళకీ మధ్య ఖాళీలో రాసుకున్నాడు:
గుంటూరు. మిగతాది తెలీదు.

బస్సు హారను కొడుతోంది.
మోకాళ్ళు లోపలికి లాక్కున్నాను.