ప్రశ్న గుర్తు తర్వాత నాలుగంకెలు

ద్వారకానగర్ మూడో వీధి, మేడ మీద గది.
పెదజాలరిపేట నుంచి ఆటోలో వచ్చి
మైలపల్లి కాసులమ్మ
ఫోను నా బల్ల మీద పెట్టింది.
"ఏటి బాబూ, నా కోనాం చేపకి
ఈ కొక్కేమేటి?"

చూశాను. ప్రశ్న గుర్తు.
దాని పక్కన పీ, సమానం,
నాలుగువేల నూట డెబ్భై రెండు.

ఆ అంకె చేపది కాదమ్మా,
వచ్చిన వరసలో యంత్రం ఇచ్చిన టోకెను.
హార్బరులో పాట దగ్గర
బుట్ట మీద సుద్దతో రాస్తారే, అదీ.
"సుద్ద కడిగేస్తే పోద్ది.
పేరెట్టు."

సెట్టింగుల్లో లంకెల అచ్చు తెరిచాను.
ఏడాది, నెల, రోజు, వర్గం, పేరు,
గీతకీ గీతకీ మధ్య ఒక గది.
తేదీ పెట్టనా అంటే నవ్వింది.
"ఎండు నెత్తళ్ళకి తేదీ రాస్తే
కొనకముందే వోసనొస్తాది."
తీసేశాను.
పచ్చి, ఎండు, ఉప్పు, ఇవి వర్గాలన్నాను.
"మరి ఎవల పడవది?"
ఆ గడి యంత్రంలో లేదు. ఒకటి చేశాను.
పడవ పేరు, గీత, చేప పేరు.

తెలుగులోనే ఉండాలని పట్టుబట్టింది నేను.
కోనాం అని కొట్టి వాట్సాపులో పంపితే
అవతల గట్టున ఇలా తేలింది:
శాతం ఈ సున్నా, శాతం బీ సున్నా, శాతం తొమ్మిది ఐదు...
ఒక్క 'క'కే తొమ్మిది ముళ్ళు.
సరే, ఇంగ్లీషు చిన్నక్షరాలు,
మాటల మధ్య అడ్డగీతలు
వలకి కట్టిన బెండుల్లా.

అసలు చిక్కు అప్పుడొచ్చింది.
పాత లంకె దాచుకున్నవాళ్ళున్నారు,
గాజువాక మెస్సు, సీతమ్మధార డాక్టరమ్మ,
గోపాలపట్నం క్యాంటీను.
పేరు మారితే వాళ్ళకి కనిపించేది ఉత్త ఇసక,
నాలుగువందల నాలుగు.

కాసులమ్మ కాసేపు మాటాడలేదు.
"మా ఇల్లు మూడుపాల్లు మార్సీసినారు బాబూ.
రోడ్డుకోపాలి, గోడకోపాలి, కెరటానికోపాలి.
పింఛను కాయితం పాత నెంబరుకే ఒచ్చీది.
పోస్టుమేను సన్నాసిరావు
లేని ఇంటికాడ సైకిలాపీసి
ఎనక్కి పంపకుండా
నానున్న కాడికి తెచ్చీసీవోడు.
ఆడికెవలూ సెప్పనేదు."

దాన్ని మూడువందల ఒకటి అంటారమ్మా.
శాశ్వతంగా తరలింది, నా వెంట రండి, అని.
"ఆడు రిటైరైపోనాడు," అంది.

రాత్రి పదింటిదాకా
నూట ముప్పై పాత అంకెలకి
నూట ముప్పై పేర్లు ముడేశాను.
కిటికీలోంచి తేమ, కీబోర్డు మీద జిగట.
ఆ ఫైలుకి పేరడిగింది యంత్రం.
సన్నాసిరావు అని కొట్టాను,
చిన్నక్షరాల్లో.

ఒక్కటి మిగిలింది.
నాలుగువేల నూట డెబ్భై రెండు ఏ పడవదని
ఫోను చేశాను.
చాలాసేపు గాలి చప్పుడే.
"దాన్నలగే ఒగ్గీ బాబూ."

ఒగ్గేశాను, కొక్కెంతో సహా.