ఉతకని రోజు

హల్ ఊళ్ళో టెలిఫోను డబ్బాలు మీగడ రంగులో ఉంటాయి.
దేశమంతా ఎరుపు, ఇక్కడొక్కచోటే ఇలా.
ఎందుకని అడిగితే డోరీన్
మరిగే నూనెలోంచి చేపను పైకి తీస్తూ
"మేం ఒకరి మాట వినే రకం కాదు" అంది.

నదుల వరద లెక్కలు చదవడానికొచ్చాను.
హెజిల్ రోడ్డులో ఆమె చిప్స్ కొట్టు పైన గది.
సగం అద్దె డబ్బుగా,
మిగతా సగం బంగాళాదుంపల తొక్కగా
చెల్లించేదాన్ని.

ఐఈఎల్‌టీఎస్‌లో ఎనిమిది తెచ్చుకున్న చెవులు నావి,
మొదటి సాయంత్రమే చేతులెత్తేశాయి.
ఫెర్న్ అంటే ఫోను.
టెన్‌ఫుట్ అంటే పదడుగులు కాదు, ఇళ్ళ వెనక సందు.
నెర్ అంటే లేదు, కాదు, వద్దు,
ఒక్కోసారి అయ్యో పాపం.
నోటుపుస్తకం ముందువైపు మానింగ్ సూత్రం,
వెనకవైపు ఈ నిఘంటువు.
రెండూ ఒకదానివైపు ఒకటి నడిచొస్తున్నాయి.

వేడి చిప్స్ మీద ఇక్కడ ఎర్రటి పొడి చల్లుతారు.
చూడగానే నోరూరింది.
తీరా చూస్తే ఉప్పు, రంగు.
మర్నాడు నా పండుమిరప కారం సీసా
కౌంటరు కింద పెట్టాను.
ముసలి విల్ఫ్ వేలు ముంచి నాకాడు.
నలభై ఏళ్ళు ఐస్‌లాండ్ వైపు వలలు లాగిన మనిషి,
కుర్చీ పట్టుకుని, కళ్ళు తుడుచుకుని,
"ఇంకాస్త వెయ్యమ్మా" అన్నాడు.

సోమవారాలు తెల్లవారుజామున అయిదింటికి
కింద వంటింట్లో బట్టల మిషను తిరిగేది.
నా మంచం వణికేది. అదే నా అలారం.

ఫిబ్రవరిలో ఒక సోమవారం
లండన్‌లో ఇంటర్వ్యూ, ఆరూ ఇరవైకి రైలు.
మంచం వణకలేదు. కొద్దిలో నిద్ర మిగిలిపోయేదాన్ని.
గబగబా మెట్లు దిగితే
మిషను ముందు కుప్పగా
వారం నాటి ఏప్రాన్లు, ఎర్రమరకలతో అలాగే.

పాడైందా?
"నెర్."
కెటిల్ మూత తీసి మళ్ళీ పెట్టింది.
"మనిషి బయల్దేరిన రోజు ఉతకం.
ఉతికితే సముద్రం లాక్కుపోతుంది."
నేను వెళ్ళేది రైల్లో, డోరీన్.
"తెలుసు."

కాసేపాగి, గోడతో చెప్తున్నట్టు:
"నాన్న పడవెక్కిన రోజు అమ్మ ఉతకలేదు.
అయినా రాలేదు ఆయన.
కానీ మా తప్పు కాదుగా."

గుమ్మం దాటిన మనిషి వెనకే ఇల్లూడవకూడదని,
ఆ పూట తలంటుకోకూడదని
నాకు తెలిసిన ఇంగ్లిషులో చెప్పబోయాను.
వాక్యం సగంలో
ఆమె నా కోటు జిప్పు గడ్డం దాకా లాగేసింది.

అద్దాల మేడ, ముగ్గురు మనుషులు.
వందేళ్ళ వరద అంటే ఏమిటన్నారు.
వందేళ్ళకోసారి వచ్చేదని కాదు,
ఏ ఏడాదైనా నూటికి ఒక పాలు రావచ్చని చెప్పాను.
"అయితే ఈ ఏడు వచ్చింది గనక వచ్చే ఏడు రాదంటారా?"
నెర్, అన్నాను.

మధ్యలో కూర్చున్నావిడ కాగితాల్లోంచి తలెత్తింది.
"హల్ అమ్మాయివా?"
అంతదాకా నన్నా దేశంలో అందరూ అడిగింది
"అసలు ఎక్కడిదానివి" అనే.
అవునన్నాను.
అబద్ధమనిపించలేదు. నిజమనీ అనిపించలేదు.
ఆవిడ మాత్రం పెన్ను మూత పెట్టేసి,
ఆ చిప్స్ మీది ఎర్రపొడి ఇంకా దొరుకుతోందా అని అడిగింది.

ఉద్యోగం రాలేదు.
ఆ సంగతి మూడు వారాల తర్వాత ఈమెయిల్లో తెలిసింది.

ఆ రాత్రికి మాత్రం పదకొండవుతుండగా
స్టేషను నుంచి వానలో నడిచొచ్చాను.
తొమ్మిదికే మూసే కొట్టులో లైటు వెలుగుతోంది.
డోరీన్ ఏమీ అడగలేదు.
గడియారం వంక చూసింది, నా బూట్ల వంక చూసింది.
"ఆ కోటు కూడా ఇలా పడెయ్,
లండన్ వాసనేస్తోంది" అని
మిషను తలుపు తెరిచింది.